పొగకుండ

మా పోలయ్య బాబాయి జీవితంలో ఆడిన పెద్ద అబద్ధం ఒక్కటే. పన్నెండేళ్ళ క్రితం జూన్ నెలలో, గుడివాడ అవతల తాను కొత్తగా చేపల చెరువు కాపలాకి కుదిరిన ఊరి బడిలో ఆడాడు. కూతురు శాలినిని ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్ళాడు. హెడ్‌మాస్టరు రిజిస్టరు తెరిచి, తలెత్తకుండానే అడిగాడు.

"కులం ఏంటయ్యా?"

"బెస్తోళ్ళమండీ."

చెరువు మీద ఉండే మనిషి, ఒంటికి చేపల వాసన, వల అల్లడం వచ్చు. హెడ్‌మాస్టరుకి అనుమానం రాలేదు. బీసీ అని రాసుకుని పేజీ తిప్పాడు.

మేం యానాదులం. ప్రభుత్వం కాగితాల్లో ఎస్టీలం. ఊళ్ళవాళ్ళ నోట్లో ఎలకలోళ్ళం. పొలం గట్ల మీద బొరియలకు పొగ పెట్టి ఎలకలు పట్టడం మా తాతల పని. దానివల్ల రైతుకి వరి మిగిలేది, మాకు కూర దొరికేది. బాబాయి చిన్నప్పుడు నాలుగంటే నాలుగు రోజులు బడికి వెళ్ళాడు. ఐదో రోజు ఎవడో అతని సంచిలో చచ్చిన ఎలకని పెట్టాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. బాబాయి మళ్ళీ బడి గడప తొక్కలేదు. తన కూతురు ఆ నవ్వు వినకూడదనుకున్నాడు. కొత్త ఊళ్ళో తనెవరో ఎవరికీ తెలియదు. కులం మార్చి చెప్పాడు, ఇంట్లో ఉన్న పొగకుండ పగలగొట్టాడు.

నేను ఆటోనగర్‌లో లేతు మెషీను మీద పనిచేస్తాను. వాళ్ళ ఊరు వెళ్తే నోరు మూసుకుని ఉండాలి. అదీ షరతు.

శాలిని చదివింది. చెరువు గట్టున మోటారు షెడ్డులో, ఒక్క బల్బు కింద చదివింది. వ్యవసాయ డిగ్రీ ప్రవేశానికి అప్లికేషను నింపింది నేనే. కులం దగ్గర ఎస్టీ అని పెట్టాను. ర్యాంకు వచ్చింది. ఎస్టీ కోటాలో సీటు ఖాయం. బీసీలో ఆ ర్యాంకుని ఎవరూ అడగరు. డబ్బు కట్టి చదివించే స్తోమత చెరువు కాపలావాడికి ఉండదు. కాబట్టి దారి ఒక్కటే.

సోమవారం ముగ్గురం బెంజ్ సర్కిల్ దగ్గర కౌన్సెలింగ్ సెంటరుకి వెళ్ళాం. గిరిజన విద్యార్థులకు సహాయం చేసేందుకు అక్కడ ప్రత్యేకంగా ఒక కౌంటరు పెట్టారు. దాంట్లో కూర్చున్న మాణిక్యమ్మ గారు నిజంగా మంచి మనిషి. మాకు కుర్చీలు వేయించింది. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, ఇంగ్లీషు రాకపోతే సాయంత్రాలు విడిగా క్లాసులు అని ఆప్యాయంగా చెప్పింది. ఆ తర్వాత శాలిని టీసీ చూసింది.

"ఇందులో బీసీ అనుందేంటమ్మా?"

శాలిని తండ్రి వైపు చూసింది. తండ్రి నేల వైపు చూశాడు.

"నేనే రాయించానండీ. తప్పయిపోయింది."

"అయ్యో బాబాయ్ గారూ!" ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎస్టీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకే టైము. ఆ తర్వాత నేను కాళ్ళమీద పడ్డా కంప్యూటరు తీసుకోదు."

సాయమంతా సీటు వచ్చాక. సీటు దాకా వెళ్ళే దారిలో ఎవరి కౌంటరూ లేదు.

మంగళవారం రెవెన్యూ ఆఫీసుకి పోతే ఇన్‌స్పెక్టరు టీసీని ఇటు తిప్పి అటు తిప్పి నవ్వాడు.

"బళ్ళో బీసీ, సీటుకి ఎస్టీ. బావుందయ్యా నీ యవ్వారం. రేపు ఇంకేం అవుతావు?"

"మేం యానాదులమే సార్. దేవుడి మీద ఒట్టు."

"దేవుడు సంతకం పెట్టడు కదా. మీ రక్తసంబంధం వాళ్ళలో ఎవరిదన్నా ఎస్టీ అని ఉన్న కాగితం పట్రా. గురువారం నేనే మీ ఊరొచ్చి విచారణ చేస్తా."

నా దగ్గర సర్టిఫికెట్ లేదు. తొమ్మిదో తరగతిలో మానేసినవాణ్ణి కులం కాగితం ఎవరడుగుతారు? మా నాన్న పోయాడు. ఇక మిగిలింది కొండలమ్మత్త, బాబాయికి సొంత అక్క. ఆవిడ పేరు నేను ఎత్తగానే బాబాయి మొహం నల్లబడింది.

నాలుగేళ్ళ క్రితం శాలిని పెద్దమనిషైనప్పుడు బాబాయి ఊళ్ళోవాళ్ళని భోజనానికి పిలిచాడు. అత్తని పిలవలేదు. అయినా విని వచ్చింది. భుజాన ఎలకలు పట్టే బుట్టలు, చేతిలో మేనకోడలికి పట్టీలు. బాబాయి ఆవిణ్ణి మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి అక్కడే ఆకు వేశాడు. ఎవరని చెరువు ఆసామి అడిగితే, "గుర్రపుడెక్క తీయడానికొచ్చిన కూలి మనిషండీ" అన్నాడు. అత్త విన్నది. అన్నం తినేసి, ఆకు మడిచి, పట్టీలు ఆకు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున నేనూ బాబాయీ నా బండి మీద కూచిపూడి దాటి, పంటకాలవ గట్టు మీదున్న ఆవిడ పాకకి వెళ్ళాం. అత్త పీట మీద కూర్చుని బుట్ట అల్లుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఎవరండీ తమరు? కూలోళ్ళు కావాలా?"

బాబాయి ఆవిడ పాక ముందు బురదలోనే కూలబడ్డాడు. "అక్కా…"

"అక్కంట! బెస్తోళ్ళకి యానాది అక్క ఎక్కడినించి వచ్చిందిరా?"

"పిల్ల సీటు పోద్దే. నీ కాగితం లేకపోతే పోద్ది. నన్ను కొట్టు. కొట్టి కాగితం ఇయ్యి."

ఆవిడ బుట్టకి ఇంకో వరస అల్లింది. తర్వాత నన్నడిగింది. "ఒరే, అది నిజంగా పాసయిందా?"

"అయ్యిందత్తా. పొలాల చదువు."

"పొలాల చదువా!" మొదటిసారి నవ్వింది. లోపలికి వెళ్ళి, చూరులో దోపిన ప్లాస్టిక్ సంచి తీసింది. ఇంటిస్థలం పట్టా. అందులో కులం గడిలో 'యానాది, ఎస్టీ' అని ఉంది. సంచి నా చేతికిచ్చి, తమ్ముడితో అంది. "నేనూ వస్తా. ఆఫీసరు ముందర, మీ ఆసామి ముందర నన్ను అక్కా అని పిలవాలి. గట్టిగా పిలవాలి. ఊరికి వినపడాలి."

గురువారం ముసురు పట్టింది. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. చెరువు ఆసామి కుర్చీ వేయించాడు. విచారణ అంటే ఏంటో చూద్దామని పాతికమంది గట్టు మీద చేరారు. ఇన్‌స్పెక్టరు పట్టా చూశాడు.

"ఈవిడ ఎవరు నీకు?"

"మా అక్కండీ!" బాబాయి అరిచినట్టే చెప్పాడు. "సొంత అక్క. కొండలమ్మ."

ఆసామి ముక్కున వేలేసుకున్నాడు. "కూలి మనిషన్నావ్ కదరా పోలిగా!"

గట్టంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టరు మాత్రం పట్టా మడుస్తూ అన్నాడు. "కాగితాలు ఎవడైనా తెస్తాడు. మీ ఆచారం, మీ పని నీకు తెలియాలి కదా. యానాదివేగా? ఎలకని పట్టు, చూద్దాం."

శాలిని అక్కడే ఉంది. "వద్దు నాన్నా," అంది. "సీటు వద్దు, ఏమొద్దు. పద."

బాబాయి కూతురి మాట విననట్టే చొక్కా విప్పాడు. అత్త తన పొగకుండ తెచ్చి ముందు పెట్టింది. అడుగున చిల్లు ఉన్న చిన్న మట్టికుండ. అందులో గడ్డి కుక్కి నిప్పేసి, కుండ మూతిని బొరియకి ఆనించి, చిల్లులోంచి ఊదితే పొగంతా లోపలికి పోతుంది. ఊపిరాడక ఎలక ఇంకో బొరియలోంచి బయటికొస్తుంది. గడ్డి తడిసింది. మూడుసార్లు వెలిగించినా ఆరిపోయింది. ఎవడో ఈల వేశాడు. అత్త తన పైట కింద దాచి తెచ్చిన పొడిగడ్డి పిడికెడు తీసి ఇచ్చింది.

పన్నెండేళ్ళుగా ఊదని మనిషి ఊదాడు. గొంతు నరాలు తేలేలా, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా ఊదాడు. బురదలో పొట్ట ఆనించి పడుకుని, అరచేత్తో గట్టుని తట్టి, ఏ బొరియలోంచి వస్తుందో ముందే అక్కడ చెయ్యి పెట్టాడు. ఎలక బయటికొచ్చిన క్షణం కనపడలేదు. అప్పటికే మెడ దగ్గర అతని రెండు వేళ్ళ మధ్య ఉంది.

ఎవరూ నవ్వలేదు. ఆ పనితనం అలాంటిది. ఇన్‌స్పెక్టరు ఫోనులో వీడియో తీసుకుని, "ఇది నేర్చుకుంటే వచ్చేది కాదులే," అన్నాడు. ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ మా బాబాయికి ఎవరూ ఇవ్వలేదు. కానీ దాన్ని కంప్యూటరులో ఎక్కించడం కుదరదు.

రిపోర్టు రాత్రికే పైకి వెళ్ళింది. శుక్రవారం పొద్దుటినించి బాబాయి, శాలిని డివిజన్ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ళు సర్టిఫికెట్ ఫోటో పంపగానే ఎక్కించడానికి నేను సెంటరు ఎదురుగా నెట్ షాపులో కూర్చున్నాను. సంతకం పెట్టాల్సిన అధికారి మీటింగుకి వెళ్ళాడు. ఫైలు బల్ల మీద ఉంది. నాలుగున్నరకి మాణిక్యమ్మ గారికి ఫోను చేశాను.

"ఒక్క అరగంట ఆపగలరా మేడమ్?"

"నా చేతిలో ఉంటే ఆపనా బాబూ?" అంది ఆవిడ.

ఐదు గంటలకి తెర మీద రెండు ముక్కలు వచ్చాయి. గడువు ముగిసింది. బాబాయి ఐదుంబావుకి ఫోను చేసి అడిగాడు. "ఇంకా తెరిచే ఉంటారా నాయనా?" ఫోను పెట్టేశాను.

సర్టిఫికెట్ తర్వాతి బుధవారం వచ్చింది. ఆకుపచ్చ సంతకం, గుండ్రటి ముద్ర, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ సీటులో ఎవరో చేరిపోయారు. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాయొచ్చు, ర్యాంకు మళ్ళీ రావాలి. అప్పటిదాకా శాలిని రొయ్యలు వొలిచే షెడ్డుకి వెళ్తోంది. చేతివేళ్ళు నీళ్ళలో నాని పాసిపోయి పుస్తకం పేజీలకు అంటుకుంటున్నాయి.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు గట్టు మీద ఉన్నారు.

"ఆ రోజు బళ్ళో నిజం చెప్పుంటే అయిపోయేది కదా నాన్నా," అంటోంది శాలిని. కోపంగా కాదు, అలసటగా.

"చెప్పుంటే ఐదో రోజే ఇంటికొచ్చేసేదానివమ్మా."

శాలిని ఒళ్ళో పుస్తకం తెరిచి, అంటుకున్న పేజీ విడదీసింది.

అత్త వదిలి వెళ్ళిన పొగకుండ బాబాయి పాక గుమ్మానికి వేలాడుతోంది, దారినపోయే అందరికీ కనపడేలా. సైకిలు మీద పోతున్న ఎవరో ఆగి అడిగారు. "ఏంటి పోలయ్యా, ఆ కుండ?"

"మాదేనండీ," అన్నాడు బాబాయి. "మా అక్క ఇచ్చింది."