నూకాలు నింపిన పళ్లెం

మద్దిలపాలెం జంక్షన్‌కి కూతవేటు దూరంలో ఉన్న పరిశోధన కేంద్రంలో ఒక ఎక్స్-రే మిషన్ ఉంది. చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ అదే దిక్కు. ఏ పొడి పెట్టినా, దాని లోపల అణువులు ఎలా పేర్చి ఉన్నాయో గ్రాఫు గీసి చెబుతుంది. అయితే అంతటి మిషనూ నూకాలు చెయ్యి పడందే పని మొదలుపెట్టదు. పొడిని రాతి కల్వంలో మెత్తగా నూరి, చిన్న పళ్లెంలో నింపి, గాజుపలకతో చదును చేసి ఇచ్చేది ఆవిడే.

నూకాలు పదకొండేళ్ల క్రితం గోపాలపట్నం నుంచి అక్కడికి తుడుపు పనికి వచ్చింది. నూరే మనిషి మానేసిన రోజున, మిషన్ నడిపే శ్రీరామ్మూర్తి "నువ్వు నూరగలవా?" అని అడిగాడు. టిఫిన్ హోటల్లో ఏళ్ల తరబడి చట్నీలు నూరిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? ఆ రోజు నుంచి చీపురు ఇంకొకరి చేతికి పోయింది. పొడిలో ఒక్క పలుకు మిగిలినా కల్వం చప్పుడుని బట్టే ఆవిడకి తెలిసిపోతుంది. అందుకు కాస్త గర్వం కూడా ఉంది, లేదంటే అబద్ధమే.

ఆ గర్వమే ఓ మంగళవారం కొంప ముంచింది. ఆ రోజు బయటి కాలేజీ మేడమ్‌లు నలుగురు చూడ్డానికి వచ్చారు. అప్పుడు నూకాలు చేతిలో ఉన్నది దేవిశ్రీ పొడి. దేవిశ్రీ పీహెచ్‌డీ చేస్తోంది, అద్దకాల మురుగునీళ్లలోంచి రంగు పీల్చే పొడి తయారు చేస్తోంది. నలుగురూ చూస్తున్నారు కదా అని నూకాలు ఆ పొడిని గాజుపలకతో నొక్కింది, మళ్లీ నొక్కింది, అద్దంలా మెరిసేదాకా నొక్కింది. "ఎంత నున్నగా చేశావమ్మా!" అన్నారు వాళ్లు. ఇంక ఆ పూట ఆవిడ కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు.

గ్రాఫు మాత్రం ఘోరంగా వచ్చింది. ఒక్క గీత స్టీల్ ప్లాంటు చిమ్నీలా పైకి లేచింది, మిగతావన్నీ నేలకి కరుచుకున్నాయి. పొడి చెడిపోయిందనుకుని, పారబోసి మొదటినుంచీ చెయ్యమన్నారు గైడుగారు. రెండు నెలల కష్టం. దేవిశ్రీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నూకాలు టీ పట్టుకెళ్లింది.

"ఏటైందమ్మా?"

"చూడు పిన్నీ, పోయిన నెల గ్రాఫు ఇది, ఇప్పుడిది. ఈ పొడి అభ్రకంలా రేకులు రేకులుగా ఉంటాది. రేకులు ఎటు పడితే అటు తిరిగుంటేనే గీతలన్నీ సరిగ్గా వస్తాయి. నాను ఎక్కడ తప్పు చేశానో తెలీడం లేదు."

నూకాలుకి అద్దంలా మెరిసిన పళ్లెం గుర్తొచ్చింది. గట్టిగా నొక్కితే రేకులన్నీ అప్పడాల్లా ఒకదాని మీద ఒకటి పడుకోవూ? చెబితే మళ్లీ చీపురే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పిల్ల ముఖం చూసింది. తిన్నగా శ్రీరామ్మూర్తి గదికి వెళ్లిపోయింది.

"బాబూ, ఆ పిల్ల పొడి మంచిదే. అందరూ సూత్తన్నారని నానే గట్టిగా నొక్కీసినాను. వదులుగా నింపుతాను, ఇంకోపాలి ఎట్టి సూడండి."

"ఆ అమ్మాయి రేపు పొడి పారబోస్తాది, తెలుసా నీకు?" అని అరిచాడు శ్రీరామ్మూర్తి.

"తెలుసు బాబూ. అందుకే వచ్చీసినాను."

ఈసారి ఆవిడ పొడిని పళ్లెంలో జల్లి, పైపైన గీసి వదిలేసింది. చూడ్డానికి గరుగ్గా, అనాకారిగా ఉంది. అరగంటకి గీతలు ఒక్కొక్కటే లేచి, పోయిన నెల గ్రాఫుతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. దేవిశ్రీ ఆవిణ్ణి వాటేసుకుని వదల్లేదు.

శ్రీరామ్మూర్తి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశాడు. నూకాలు చీపురు మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"ఇది పుస్తకాల్లో చదివినోణ్ణి నాను" అన్నాడు చివరికి. "గ్రాఫు చూడగానే నాకు తట్టాల. పళ్లెం వంక చూణ్ణేలేదు. సోమవారం ఎమ్మెస్సీ పిల్లలు పన్నెండు మంది వస్తన్నారు. పళ్లెం నింపడం నువ్వే నేర్పు."

సోమవారం నూకాలు కొంగు బిగించుకుని వాళ్ల ముందు నిలబడింది. 

"ముందు నాను సేసిన తప్పు సెప్తాను, రాసుకోండి."

పన్నెండు మందీ తలవంచి బుద్ధిగా రాసుకుంటుంటే, బడి మొహం చూడని నూకాలుకి కళ్లు చెమర్చాయి.