రిఫండ్ మెసేజ్‌కు నేను చెల్లించిన స్తోత్రం

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు పట్టుకోవాలంటే ఇయ్యాల నాకు సిగ్గయితున్నది, ఎందుకంటే పోయినసారి ఇదే చోట నిలబడి నేను మీకు చెప్పిన సాక్ష్యం అబద్ధం! కావాలని ఆడిన అబద్ధం కాదు గానీ అబద్ధమే, మీరు చప్పట్లు కొట్టిన్రు, నేను కళ్లు తుడుచుకున్న, దాన్ని నమ్మి మన మందిరంలోనే ఒక సోదరి కష్టపడి దాచుకున్నది పోగొట్టుకున్నది. తల ఎత్తుకోలేక ఇన్ని రోజులు మీకు కనపడకుండ దాక్కున్న, ఇక దాక్కోలేక ముందుకొచ్చిన.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్న, నా పేరు దేవదానం, మణుగూరు దగ్గర ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతా. మా గనివాళ్లకు జీతం ఇన్‌కమ్ ట్యాక్స్ కోసుకునే చేతికొస్తది, క్యాంటీన్‌లో చాయ్ తాగుకుంటూ మేం ఏడ్చేదంతా దాని గురించే, ఎవరికి రిఫండ్ వచ్చింది, ఎవరికి ఇంకా రాలేదు, ఇదే ముచ్చట. ఆ దినాలలో మా బిడ్డ ఖమ్మంలో హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతున్నది, ఫీజు గడువు నెత్తి మీదికొచ్చింది, ఎవరిని అడిగినా వచ్చే నెల చూద్దాం అన్నరు. నేనూ నా భార్య కరుణ శుక్రవారం ఉపవాసముండి మోకరించినం. "తండ్రీ, ఎక్కడి నుంచి ఇస్తవో నాకు తెల్వదు, నువ్వే ఒక దారి తెరువు, నేను పదిమందిలో నిలబడి నీ నామాన్ని గొప్ప చేస్తా" అని ఏడ్చిన.

ఆమెన్ అని లేచిన్నో లేదో, ఫోను మోగింది! తీసి చూస్తే మెసేజ్, మీ ఆదాయపు పన్ను రిఫండ్ మంజూరైంది, కింద ఉన్న లింకు నొక్కి మీ ఖాతా వివరాలు సరిచూసుకోండి, సాయంత్రంలోపు నొక్కకపోతే రద్దయిపోతుంది అని. నేను ఫోను గుండెకు హత్తుకొని మళ్లీ మోకాళ్ల మీద పడ్డ. ప్రియులారా, ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తది, ఎందుకంటే ఆ మెసేజ్ వచ్చింది మామూలు మొబైల్ నంబర్ నుంచి, అందులో నా పేరు కూడా లేదు, అన్నిటికంటే సిగ్గుచేటు ఏందంటే ఆ ఏడాది నేను రిటర్నే వెయ్యలేదు, నా కాగితాలు మా ఏజెంటు దగ్గర అట్లనే పడున్నయి! వెయ్యని రిటర్నుకు రిఫండ్ ఎట్లొస్తదని ఒక్క క్షణం ఆలోచించలేదు, అడగకముందే ఇచ్చే దేవుడు కదా అనుకున్న. లింకు నొక్కిన, బ్యాంకు ఖాతా నంబరు కొట్టిన, కార్డు మీద ముందున్న నంబరూ వెనకున్న నంబరూ అన్నీ కొట్టిన. సోమవారం మా ఆఫీసరు ఫోను చేస్తడు అని అందులో వచ్చింది.

మన దగ్గర ఒక అలవాటు ఉన్నది కదా, చేతికి రాకముందే విశ్వాసంతో స్తోత్రం చెల్లించాలని. ఆ అలవాటును నేను తప్పు పట్టను, కానీ నేను చేసింది చూడండి. ఆదివారం ఇక్కడ నిలబడి, ప్రభువు నాకు రిఫండ్ మంజూరు చేసిండు, స్తోత్రం అని గట్టిగా అరిచిన. ఆరాధన అయినాక బయట చెప్పులు తొడుక్కునేకాడ నలుగురైదుగురు నన్ను చుట్టుకొని ఆ మెసేజ్ మాకూ పంపు అన్నరు, నేను గొప్పగా అందరికీ పంపిన. మిగతావాళ్లు మరిచిపోయో బద్ధకించో నొక్కలేదు, ఆ బద్ధకానికి దేవునికి స్తోత్రం! నొక్కింది మాత్రం సువార్తమ్మ చెల్లె.

ఆమె మీ అందరికీ తెలుసు, భర్త పోయినప్పటి నుంచి కాలనీలో బట్టలు కుట్టి బతుకుతున్నది. కాలితో మిషన్ తొక్కి తొక్కి నొప్పులొస్తున్నయని మోటార్ మిషన్ కొనుక్కునేందుకు పైసలు బ్యాంకులో కూడబెట్టుకుంటున్నది. ఆమె అప్పుడే నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది, "అన్నా, నేను పన్నే కట్టను కదా, నాకు వాపసు ఏందన్నా?" అని. గంత సక్కటి ప్రశ్నకు నేను ఏమన్ననో తెలుసా? "చెల్లె, అనుమానం సైతాను పెట్టేది, విశ్వాసముంటే నొక్కు, లేకుంటే నీ ఇష్టం" అన్న. నలుగురికీ వినపడేటట్టు గట్టిగా అన్న. ఆమె ముఖం చిన్నబోయింది, తల వంచుకొని పోయింది.

సోమవారం మొదటి షిఫ్టు దిగంగనే ఫోనొచ్చింది. "సార్, రిఫండ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్న, మీ ఫోనుకు ఒక నంబరొస్తది చెప్పండి" అన్నడు ఎంతో మర్యాదగా. చెప్పిన. వెంటనే ఖాతా ఖాళీ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. మళ్లీ చేస్తే వాడు ఎత్తలేదు. అక్కడే బొగ్గు దుమ్ములో కూలబడ్డ.

సహోదరులారా, ఇక్కడిదాకా నేను మోసపోయినవాణ్ణి. ఇక్కడి నుంచి నేను పాపిని. ఎందుకంటే ఆ క్షణంలో నాకు సువార్తమ్మ గుర్తొచ్చింది, ఫోనులో ఆమె పేరు మీద వేలు కూడా పెట్టిన, ఒక్క ఫోను చేసి ఆ నంబరు ఎవరికీ చెప్పకు చెల్లె అంటే అయిపోయేది. కానీ నిన్న అంత గొప్పగా సాక్ష్యం చెప్పి ఇయ్యాల ఏ ముఖంతో చెప్పాలె, అందరికీ తెలిస్తే నవ్వరా అనుకొని ఫోను జేబులో పెట్టుకొని కంపెనీ బస్సెక్కి ఇంటికొచ్చిన. ఆ సాయంత్రమే వాడు ఆమెకు ఫోను చేసిండు, ఆమె నా మాట నమ్మి నంబరు చెప్పింది, ఆమె మిషన్ పైసలు పోయినయి!

తర్వాత ఆదివారాలు నేను డ్యూటీ ఉందని అబద్ధాలు చెప్పి తప్పించుకున్న. కరుణ బలవంతం చేస్తే ఒకనాడు వచ్చి వెనక కూర్చున్న. ఆ రోజు పాస్టరు అయ్యగారు ప్రార్థన అవసరతలు అడిగితే సువార్తమ్మ లేచింది. ఎవరి పేరూ ఎత్తలేదు, మోసం అన్న మాట కూడా అనలేదు. "నేను సందేహపడ్డ, అందుకే నాకు రావాల్సింది రాకపోగా ఉన్నది కూడా పోయింది, నా అవిశ్వాసం కోసం ప్రార్థన చేయండి" అన్నది. మీరందరూ ఆమె అవిశ్వాసం పోవాలని చేతులు చాపి ప్రార్థించిన్రు, నేను కూడా చెయ్యి చాపిన. ఆ చెయ్యి ఎందుకు ఎండిపోలేదో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చొని ఏడిస్తే కరుణ ఏందని అడిగింది, అంతా చెప్పిన. ఆమె కంచం పక్కకు జరిపింది. తర్వాత "వాళ్లు నిన్ను మోసం చేసిన్రు, ఆమెను మోసం చేసింది మాత్రం నువ్వే" అన్నది. నాకు కోపమొచ్చింది, కోపం కాస్త ఏడుపయింది, అక్కడే నేల మీద పడి "ప్రభువా, నీ పేరు పెట్టి నా మాట చెప్పిన, నా పరువు కోసం నీ బిడ్డను బలి పెట్టిన, నన్ను ఈ పరువు నుంచి విడిపించు" అని మొర పెట్టుకున్న. సమాధానం ఏమీ రాలేదు, చెప్పులు మాత్రం తెచ్చి ముందర పెట్టింది కరుణ.

ఇద్దరం పోయినం. సువార్తమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నది. నేను గడపలోనే నిలబడి అంతా చెప్పిన, మెసేజ్ దొంగదని, నాదీ పోయిందని, నాకు ముందే తెలిసి నీకు చెప్పలేదని. తిడుతదనుకున్న, తిడితే బాగుండు. ఆమె మిషన్ ఆపి నన్నే చూసి అడిగింది.

"అంటే, నాకొచ్చిన అనుమానం నిజమేనా అన్నా?"

"అవ్ చెల్లె, నిజమే."

ఆమె చేతిలోని బట్ట పక్కన పెట్టి, "మరి నొక్కకు అని నాకు లోపల అనిపించింది చూడు, అట్ల అనిపించేటట్టు చేసింది ఎవరు అన్నా?" అన్నది.

అది సైతాను అని నేను ఈమెకు చెప్పిన! ప్రభువే ఈ బిడ్డ చెవిలో ఆగమ్మా ఆగు అని చెప్తుంటే, ఆయన నోరు మూయించింది నేను. సువార్తమ్మ ఏడ్చింది, కానీ పోయినదాని కోసం కాదు, "దేవుడు నన్ను విడిచిపెట్టలేదన్నా, నాతో మాట్లాడిండన్నా" అని ఏడ్చింది. ఆ మాటతో నా సంకెళ్లు తెగినయి సహోదరులారా!

బ్యాంకుకు నేనూ సువార్తమ్మా కలిసి పోయి కార్డులు ఆపించినం, పోలీసుల దగ్గర ఫిర్యాదు ఇచ్చినం, పైసలు ఇంకా రాలేదు, వస్తయో రావో. పోయిన వెంటనే ఫిర్యాదు చేస్తే ఆపే వీలుంటదట, నేను సిగ్గుపడి కూర్చున్న టైమంతా దొంగకే కలిసొచ్చిందని బ్యాంకాయన అన్నడు. పన్ను ఆఫీసు మెసేజ్‌లో కార్డు నంబరు అడగదట, ఫోనుకొచ్చే ఓటీపీ ఏ ఆఫీసరూ అడగడట, నిజంగా రిఫండ్ ఉంటే అది ఖాతాలోనే పడుతదట. సాయంత్రంలోపు అని తొందరపెట్టే మెసేజ్ వస్తే నొక్కకండి, పక్కనున్నవాళ్లకు చూపించండి. మీది ఇప్పటికే పోయి ఉంటే, నా లెక్క నోరు మూసుకొని కూర్చోకండి, ఇయ్యాలే చెప్పండి, ఇక్కడ నవ్వేవాళ్లు ఎవరూ లేరు, ఎవరన్నా నవ్వితే ముందు నన్ను చూసి నవ్వమనండి.

సువార్తమ్మ చెల్లె, ఆ రోజు నలుగురి ముందర నిన్ను అవిశ్వాసివి అన్న. ఇయ్యాల మందిరమంతటి ముందర చెప్తున్న, మా ఇద్దరిలో ప్రభువు స్వరం విన్నది నువ్వు, విననిది నేను. ప్రియులారా, ఆయనను నమ్మండి, తలుపు తెరిచేటప్పుడే కాదు, ఆగు అని మన చెయ్యి పట్టి ఆపేటప్పుడు కూడా నమ్మండి. నా సిగ్గును మీ ముందర మోయగలిగే బలమిచ్చిన దేవునికే మహిమ!