పట్టు వదిలిన అన్న

ప్రొద్దుటూరులో మాకు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పిన అన్న ఎంత గట్టిగా పట్టు బిగించినా, ఎదుటివాడు ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టగానే వదిలేసేవాడు. “తట్టినాక పట్టుకుంటే ఆట కాదప్పా” అనేవాడు.

ఎన్నికలప్పుడు ఒక నాయకుడికి కాపలా ఉండనన్నాడు. ఆ కోపంతో నాయకుడి మనిషొకడు జమ్మలమడుగు బస్టాండులో మా కళ్ళ ముందే అన్న మీదికి కొడవలెత్తాడు. అన్న వాడి చెయ్యి మెలిపెట్టి, కింద పడేసి పట్టు బిగించాడు. కొడవలి జారిపోయింది.

“ఇరిచెయ్యప్పా, ఏం చూస్తాండావు!” అని ఎదుటి పార్టీవాళ్లు అరిచారు.

నొప్పికి వాడు నేలను తట్టాడు. అన్న వదిలేశాడు. గుంపు ముందుకురికింది.

“వీని మీద చెయ్యెయ్యాలంటే ముందు నన్ను దాటండి” అని అన్న అడ్డం నిలబడ్డాడు.

ఎవరూ కదల్లేదు. అన్న వాణ్ని బస్సెక్కించి, పక్కనే కూర్చున్నాడు.

గెలిచిన పోటీలకు ఆయనకు పతకాలిచ్చారు. ఆ పూట చేసినదానికి మాత్రం ఎవరూ దండైనా వేయలేదు.