అత్తమ్మకు నేను చెప్పిన చావు కబురు

ఆరేండ్ల సంది ఒక మాట నా లోపల్నే ఉన్నది. అన్నం తింటుంటె అడ్డం పడ్తది. ఎవరన్న నన్ను మెచ్చుకుంటె ఇంకింత బరువైతది. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న. తెలిసినోళ్లకు చెప్పే ధైర్యం లేదు.

మాది నారాయణఖేడ్. ఇంట్లనే జాకెట్లు కుడ్త. మా ఆయన మనూర్‌కు ఆటో నడుపుతుండె. ఒక వానకాలం ఆటో బోల్త పడి పోయిండు. పిల్లలు లేరు. ఇగ ఇంట్ల మిగిలింది నేను, తొంబై ఏండ్ల మా అత్తమ్మ.

కొడుకు పోయిన ఏడాదికి ఆమెకు మతిమరుపు షురువైంది. ముందుగాల గ్యాస్ బంద్ చేసుడు మర్చిపోయింది, తర్వాత నా పేరు. ఆఖర్కి తెలుగు కూడ జారిపోయి, చిన్నప్పటి కన్నడంల మాట్లాడవట్టింది. "మగ ఎల్లి?" అని అడిగేది. కొడుకేడి అని. పొద్దంత అదే. తలుపు తీస్కొని, కొడుకును ఎతుక్కుంట బస్టాండ్ దాక పోయేది. నేను మిషన్ ఇడిచిపెట్టి ఉరికేదాన్ని.

దవాఖానల డాక్టరమ్మ మంచిగనె చెప్పింది. "నిజం చెప్పకు. చెప్పిన ప్రతిసారి ఆమెకు కొత్తగనె తెలుస్తది. ఊరికి పోయిండు, వస్తడు అను." చానా రోజులు అట్లనే అన్న.

ఒకనాడు పగటిపూట పెండ్లిబట్టలు కుడ్తున్న. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో ఆమె నా చేతుల బట్ట గుంజింది. కోపమొచ్చింది. "నీ కొడుకు సచ్చిపోయిండు" అన్న. ఏడ్చింది. అప్పుడే కొడుకు పోయిన తల్లి ఎట్లేడుస్తదో అట్ల. ఏడ్చి ఏడ్చి, అలసిపోయి పండుకుంది. పొద్దుగూకేదాక లేవలే. నా పనంత అయిపోయింది.

లేచినంక ఏం యాది లేదు. మళ్ల "మగ ఎల్లి?"

ఇక్కడ్నించి చెప్పుడు కష్టం. ఆ తెల్లారి కోపంతోని కాదు, సోంచాయించుకొని చెప్పిన. ఆమె పండుకోవాలె అని చెప్పిన. పని ఎక్కువున్న దినాలల్ల అన్నం తినవెట్టి, మూతి తుడిచి, అప్పుడు చెప్పేదాన్ని. ముందుగాల చెప్తే తినదు గద. అంత తెలివి నాకు. ఆ తెలివిని ప్రేమ అంటరా? పోయినోడు నాకు మొగడు, మరి నా కండ్లల్ల నీళ్లెందుకు రాలే? నేను ఏడ్వలేనిదంత ఆమెతోని ఏడిపించిన్నా? జవాబు తెల్వదు. తెలిసినా, అది నన్ను నేను కాపాడుకునే జవాబే అయితదని భయం.

ఒకనాడు చెప్తే ఏడ్వలే. నా మొకం దిక్కు చూసింది. ఆనాడు తెలుగే మాట్లాడింది.

"ఎవరి కొడుకు?"

"ఒకామె కొడుకు" అన్న.

"ఆమె ముసలిదా?"

"ఆఁ, ముసలిదే."

నా చెయ్యి పట్టుకుంది. "అయితె ఆమెకు చెప్పకు బిడ్డా. తట్టుకోదు."

వంటింట్ల కూసొని ఏడ్చిన. మొగడు పోయినంక అదే మొదటిసారి. ఇగ చెప్పద్దనుకున్న. తొమ్మిది దినాలు చెప్పలే. పదో దినం బతుకమ్మ పండుగ జాకెట్లు కుప్ప పడ్డయ్. అన్నం తినవెట్టిన. మూతి తుడిచిన. చెప్పిన.

ఆ చలికాలమే నిద్రల అత్తమ్మ పానం పోయింది. గల్లీ మొత్తం వచ్చింది. "కన్నబిడ్డ కూడ ఇట్ల చూడదు" అన్నరు. నేను కాదనలే. ఇప్పటికీ కొత్త కోడండ్లకు నన్నే సూపిస్తరు.

పనుండె, ఒక్కదాన్ని, తోడెవరు లేకుండె. అన్ని నిజాలే. కని తొమ్మిది దినాలు చెప్పకుంట ఉన్న గద. అంటే ఉండొచ్చు. నేను ఉండలే.

మాఫీ అడుగుతలేను. చెయ్యాల్సిన మనిషి లేదు, ఉన్నా ఆమెకు యాదుండదు. యాదుంచుకునేది ఇన్నేండ్లు నేనొక్కదాన్నే. ఇయ్యాల్టి సంది నువ్వు కూడ. జర ఊపిరాడుతున్నది.