డ్రమ్ములో నీళ్ళు

ఈ ఉదయం టౌరంగాలో, మా వర్క్‌షాపులో, వేడి రేకు మీద హైడ్రాలిక్ ఆయిల్ చుక్క వేస్తే చిటపటలాడింది. ఆయిల్లో నీళ్ళు కలిస్తే అలాగే చిటపటమంటుంది. మాడిన వాసన ముక్కుకు తగలగానే హెలెన్ గుర్తొచ్చింది. ఈ దేశం దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో, ట్రాక్టర్ల షోరూమ్ వర్క్‌షాపు ఆమెదే. పాలిటెక్నిక్ నుంచి బయటికొచ్చిన నన్ను మెకానిక్‌ని చేసింది ఆమే. చలికి నా వేళ్ళు వంగకపోతే తన గ్లవ్స్ తీసి ఇచ్చేది. "చూసింది చెప్పు, ఊహించింది చెప్పకు" అనేది.

ఒక చలికాలం గ్రాహమ్ అనే పాడిరైతు మా దగ్గర కొన్న కొత్త ట్రాక్టరును వెనక్కి తెచ్చాడు. ముందు బిగించిన, బరువులెత్తే లోడర్ పైకి లేస్తూ వణికి ఆగిపోతోంది. ఆయిల్ తీస్తే పాలు కలిపిన టీలా ఉంది. హెలెన్, నేను రోజంతా వెతికాం. కూలర్ కారడం లేదు, సీళ్ళు బాగున్నాయి. చివరికి నాకు అనుమానం వచ్చి, లోడర్ బిగించిన రోజు మేము ఏ డ్రమ్ములోంచి ఆయిల్ తీసి పోశామో దాని దగ్గరికి వెళ్ళాను. ఆరుబయట వానలో నిలబెట్టి ఉంది. పైన నిలిచిన నీళ్ళు బిరడా సందులోంచి లోపలికి దిగాయి. అడుగు నుంచి తీసిన చుక్క రేకు మీద చిటపటలాడింది. హెలెన్ నా భుజం తట్టి, "బాగా పట్టావు" అంది. ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో.

మర్నాడు గ్రాహమ్ వచ్చాడు.

"ప్రెషర్ పంపుతో కడిగి నీళ్ళు లోపలికి పోనిచ్చారు. ఇది వారంటీలోకి రాదు" అంది హెలెన్, కాఫీ కప్పు కింద పెట్టకుండానే.

గ్రాహమ్ నా వైపు తిరిగాడు. "విప్పింది నువ్వే కదా. నిజమేనా?"

హెలెన్ నన్నే చూస్తోంది, తలూపుతానన్న ధీమాతో.

"కాదండీ. ఆ నీళ్ళు మా డ్రమ్ములోవి" అన్నాను.

ట్రాక్టరును మా ఖర్చుతోనే బాగుచేశాం. ఆ తర్వాత హెలెన్ నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుందని ఆమెకు తెలుసు. కొన్ని వారాలకు ఆఫీసులోకి పిలిచి, పని తగ్గింది, నిన్ను ఉంచుకోలేను అంది.

"చూసింది చెప్పమన్నది మీరే కదా" అన్నాను.

"నాకు చెప్పమన్నాను. కస్టమర్‌కి కాదు."

ఇంట్లో నా భార్య సునీతకి అప్పుడు ఏడో నెల. అన్నీ విని, "అక్కడ తలూపేసి, తర్వాత ఆవిడతో మాట్లాడుకోవాల్సిందండీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వీసా గడువు దగ్గరపడుతుండగా టౌరంగాలో ఈ ఉద్యోగం దొరికింది. ఇక్కడి యజమాని ముందే హెలెన్‌కి ఫోన్ చేశాడట. "చాలా నిజాయితీపరుడని చెప్పింది, అందుకే తీసుకున్నా" అన్నాడు మొదటిరోజు. సిగ్గుపడి చెప్పిందో, పీడ వదిలితే చాలనుకుందో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగినా, ఆమె చెప్పేది నమ్మను.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పని నేర్చుకుంటున్నారు. ఆమె నేర్పిందంతా వాళ్ళకి నేర్పుతున్నాను. ఎంత బాగా చేసినా, బాగుంది అన్న మాట మాత్రం నా నోటివెంట రాదు. రాతిమనిషినని వెనకాల అనుకుంటారు. అనుకోనీ. ఇంకొకరి మెప్పు కోసం అంతలా కాచుకోవడం వాళ్ళకి అలవాటు కాకూడదు.