ఊదిబత్తీ వెలిగేదాకా పలకని హార్డ్ డిస్క్

2023 ఎండాకాలం. మదనపల్లెలో నా కంప్యూటర్ రిపేరు షాపుకు నీరుగట్టువారిపల్లె చౌడప్ప దుప్పట్లో చుట్టిన మూట పట్టుకొచ్చాడు. ఆయన పట్టుచీరలు నేసే మనిషి. వెంట పుంగనూరు నుంచి వచ్చిన అన్న కూతురు సుజాత ఉంది. మూట విప్పితే నాకు ప్రాణం లేచొచ్చింది. కీబోర్డులోనే అంతా ఇమిడిపోయిన పాతకాలం హోమ్ కంప్యూటర్. నేను పని నేర్చుకున్నది అలాంటివాటి మీదే.

"మా అన్న దీంట్లోనే చీరల అంచులు గీస్తాండె. ఈ బిడ్డ పెండ్లికని ఒక అంచు గీసిపెట్టి, నేసేలోపలే పోయినాడు. శ్రావణంలో పెండ్లి. ఆ అంచుతోనే చీర నేసిస్తానని మాటిచ్చినానప్పా," అన్నాడు చౌడప్ప.

"కాగితం మీద యాడా లేదా?"

"లేదు. ఉండేదంతా ఈ డబ్బాలోనే," అని మూటలోనే ఉన్న ఇంకో డబ్బా చూపించాడు.

ఆ డబ్బా ఎక్స్‌పాన్షన్ ఇంటర్‌ఫేస్, దానికే హార్డ్ డిస్క్ బిగించి ఉంది. పక్కన తగిలిస్తే కంప్యూటర్‌కూ హార్డ్ డిస్క్‌కూ మధ్య దుబాసీ పని చేస్తుంది. చిక్కేమంటే, ఈ దుబాసీలు అన్ని డిస్కులతోనూ మాట్లాడవు. జాతకాలు కలిసినా ఒక్కోసారి మాట కలవదు.

ఇక్కడా అదే తంతు. స్విచ్ వేస్తే తెర మీద డిస్క్ లేదనే వచ్చింది. కేబుల్ మార్చాను. డిస్క్ వెనకుండే చిన్న పిన్నులు, జంపర్లంటారు, అవీ సరిచూశాను. డిస్క్ గుయ్యిమని తిరుగుతూనే ఉంది, పలకదు. నాకు చిరాకెత్తింది. "పోయినట్టుందమ్మా," అన్నాను. చౌడప్ప తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

అప్పుడు సుజాత మెల్లగా నోరు విప్పింది. "మా నాయన ఇట్ల ఏసేవాడు కాదన్నా. స్విచ్చేసి, మా కులదేవత చౌడమ్మ పటానికి ఊదిబత్తీ ముట్టించి, దండం పెట్టుకొని, ఆపైన ఈ పక్కనుండే బటన్ నొక్కుతాండె."

"ఎందుకట్ల నొక్కేది?"

"తెలీదు. అదీ పూజలోదే అనుకుంటాంటిమి."

ఆ బటన్ రీసెట్. కరెంటు తీయకుండానే కంప్యూటర్‌ను మళ్లీ మొదట్నుంచి నడిపిస్తుంది. నాకప్పుడు తెలిసొచ్చింది. ఈ డిస్క్ వేగం అందుకోవడానికి కాస్త సమయం కావాలి. ఇంటర్‌ఫేస్ మాత్రం స్విచ్ వేయగానే ఒక్కసారి పిలిచి, పలక్కపోతే లేదనుకుంటుంది. ఆయన దండం పెట్టుకునే సేపట్లో డిస్క్ సిద్ధమయ్యేది. రీసెట్ నొక్కితే ఇంటర్‌ఫేస్ మళ్లీ పిలిచేది.

అలాగే చేశాం. ఊదిబత్తీ కూడా వెలిగించాం, నేను వద్దనలేదు. ఫైళ్ల పేర్లు వరుసగా వచ్చాయి. అందులో ఒకటి సుజాత పేరు. తెరిస్తే మామిడిపిందెలూ కాదు, నెమళ్లూ కాదు, చెనిక్కాయ పూలు, అదే వేరుశెనగ పూలు.

"మా చేనే గదా చిన్నాయనా ఇది," అంది ఆ పిల్ల. చౌడప్ప వేలితో తెర మీద గడులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు.

కొత్త కంప్యూటర్లకు ఆ ఫైలు అర్థం కాదు కాబట్టి తెరను ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసిచ్చాను. మిషన్ నా దగ్గరే వదిలి వెళ్లారు. కొన్నాళ్లకు పాత సరదా కొద్దీ మళ్లీ వేసి చూస్తే డిస్క్ అసలు తిరగనే లేదు. చౌడప్పకు ఫోన్ చేసి చెప్పాను.

"అంచు మగ్గమెక్కిందప్పా," అన్నాడు. "ఇంగ దాన్ని పండుకోనీ."

ఏ ఇంటర్‌ఫేస్‌కు ఏ డిస్క్ సరిపోతుందో పుస్తకాల్లో ఉంటుంది. ఒక మనిషి దాన్ని ఎలా బుజ్జగించి పని చేయించుకున్నాడో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు ఎవరు పాత మిషన్ తెచ్చినా స్క్రూడ్రైవర్ పట్టేముందు, దీన్ని వాడిన మనిషి గురించి చెప్పండి అంటాను. చెబుతూ చెబుతూ కొందరు కళ్లు తుడుచుకుంటారు. నేను తొందరపెట్టను.