జీన్స్ సంచుల కట్ట

తెల్లవారుజామున అయిదున్నరకు మా లారీలు ఆగాయి. వాన సన్నగా పడుతోంది. ముందు రోడ్డు లేదు, నీళ్ళే. కెంచనగుడ్డకు దిగువన తుంగభద్ర ఒడ్డునున్న చిన్న పల్లె అది. పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా అక్కడే బతుకుతున్నారు. ఇంజనీర్ల దళం నుంచి నలభై మందిమి దిగాం. రెండు రబ్బరు బోట్లు, పారలు, తాళ్ళు, ఒక వైర్‌లెస్ సెట్టు, మనిషికొక వానకోటు. ఆ వానకోట్లు బయటి వానను లోపలికి పంపడంలో మాత్రం బాగా పనిచేసేవి.

సైనికుడంటే మంచుకొండ మీద తుపాకీ పట్టుకుని నిలబడేవాడని మావాళ్ళ నమ్మకం. పెళ్ళిళ్ళలో కనబడితే చాలు, సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. మంచుకొండలు నేనూ చూశాను. అక్కడ నాకేమీ కాలేదు. నన్ను దెబ్బ తీసింది నా సొంత బళ్ళారి జిల్లా. కాబట్టి ఈసారి అదే చెబుతాను, విసుగొచ్చినా వినండి.

నేను ఈ జిల్లాలోనే మోక అనే ఊళ్ళో పుట్టాను. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. మా అక్క మార్తమ్మను ఈ ఏటి ఒడ్డు పల్లెలోనే ఇచ్చాం. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా కెప్టెన్ సాబ్ నన్ను వదల్లేదు. "హవల్దార్, ఇది నీ ఇలాకా. మట్టి నీది, మనుషులు నీవాళ్ళు. పని కూడా నీదే" అన్నాడు. మంచి మనిషి. బాధ్యత ఇంకొకరి భుజాన పెట్టడం తెలిసిన మనిషి కూడా.

అవి ఇనుపరాయికి గిరాకీ పెరిగిన రోజులు. బళ్ళారి దారుల్లో లారీ వెనక లారీ. ఆ దుమ్ముకు రోడ్డు పక్క వేపాకు కూడా ఎర్రగా ఉండేది. ఈ పల్లెకు అర కిలోమీటరు ఎగువన ఒక గనుల కంపెనీ పంపుహౌసు కడుతోంది. ఖనిజం కడగడానికి ఏటి నీళ్ళు కావాలట. కొత్త మోటార్లు అప్పటికే దిగాయి, గోడలు ఇంకా సగంలో ఉన్నాయి.

మాకు వచ్చిన ఆదేశం చిన్నది. ఊరికీ ఏటికీ నడుమ ఉన్న పాత మట్టికట్టను మూడడుగులు ఎత్తు పెంచాలి. ఎగువన డ్యామ్ గేట్లు ఇంకా ఎత్తేలోపల, అంటే మర్నాటి సాయంత్రానికి ముగించాలి. అది కుదరదనుకుంటే ఊరు ఖాళీ చేయించి, సామాన్లతో సహా అందరినీ గుట్ట మీదికి చేర్చాలి. రెండూ చేయడానికి చేతులు చాలవు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నీళ్ళకు అడ్డు కట్టేవాడు మొదట రెండు సంగతులు చూసుకోవాలి. సంచిలో ఏం నింపుతాం, ఆ సంచి దేనితో చేసింది. ఊరి చుట్టూ ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి బురదవుతుంది, అది పనికిరాదు. బడి వెనక గరుసు దిబ్బ ఉంది, సన్నరాళ్ళు కలిసిన గరుకు మట్టి. గరుసు నీళ్ళలో కూడా గట్టిగా కూర్చుంటుంది, కాబట్టి ఆ బెంగ తీరింది. ఇక మిగిలింది సంచి. గోనెసంచులున్న బియ్యం మిల్లులు వరద అవతల చిక్కుకుపోయాయి. తాలూకా గోడౌను నుంచి వచ్చినవి యూరియా ప్లాస్టిక్ సంచులు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుతుంది. కెప్టెన్ సాబ్ ముందు అయిదు వరుసలు పేర్చి నీళ్ళు పోశాం. మా వంటవాడు ఒక్క తన్ను తన్నాడు. పై వరుస మొత్తం దిగి వాడి కాళ్ళ మీదే పడింది. ఆ పూట చపాతీలు ఆలస్యంగా వచ్చాయి.

దారి దొరికింది అక్క ఇంటి గుమ్మంలో. లోపలికి నీళ్ళు రాకుండా మా బావ పాత జీన్స్ ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి, గరుసు కూరి, అడ్డంగా పేర్చాడు. బళ్ళారి చుట్టుపక్కల ఆ గుడ్డకు కరువు లేదు. వీధికొక జీన్స్ కుట్టే షెడ్డు ఉండేది. నేను కాలితో గట్టిగా నెట్టి చూశాను. కదల్లేదు. గుడ్డ గరుకుగా ఉంది, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నేత చిక్కగా ఉంది, నీరు ఊరుతుందే గానీ గరుసు రాలదు. కెప్టెన్ సాబ్‌ను పిలుచుకొచ్చి చూపించాను. ఆయనా నెట్టి చూసి, "లారీ తీసుకో" అన్నాడు.

బళ్ళారిలో నాకు తెలిసిన షెడ్డు ఒక్కటే, జయరాజుది. ఒకే చర్చిలో పెరిగాం. క్వయర్‌లో ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడేవాళ్ళం. నేను సైన్యానికి వెళ్ళాను, వాడు కుట్టుమిషను పట్టాడు. సంగతి చెప్పగానే వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మార్తక్క నాకు మాత్రం అక్క గాదా సామేలప్పా? ఈ రెండు దినాలు మిషన్లన్నీ నీవే అనుకో. ఏం గుడ్డ కావల్ల చెప్పు."

చెప్పాను. మందం గుడ్డ కావాలి. సాగే రకం అసలు వద్దు. దాన్లో రబ్బరు దారం ఉంటుంది, బరువు పడి తడిస్తే లాగుతుంది, కుట్టు రంధ్రాలు నోళ్ళు తెరుస్తాయి. రెండు వరసల కుట్టు ఉండాలి. వాడు ఒకటి కుట్టి ఇచ్చాడు. గరుసు నింపి లారీ మీది నుంచి కిందికి పడేశాను. పగల్లేదు. జయరాజు నవ్వి, "మీ మిలిట్రీలో ప్రతి ఒక్కటీ ఇట్లనే చూస్తారా?" అని అడిగాడు. అన్నీ చూడలేమని, మోపులో పైన రెండు, అడుగున రెండు తీసి పరీక్షిస్తామని నేనే చెప్పాను. స్నేహితుడు అడిగితే చెప్పనా?

మొదటి లారీ సరుకు నా కళ్ళముందే తయారైంది. చర్చి ఆడవాళ్ళు కూడా వచ్చి కుట్టారు. ఆ సంచులతో కట్ట సగం పొడవున లేచింది. వరుస వేసి, దిమ్మెసతో కొట్టి, మూతి మడిచి కిందికి తోసి, ఇటుకల్లాగా అతుకు మీద అతుకు రాకుండా పేర్చాం. వైర్‌లెస్ ఆపరేటర్ సాయంత్రం కేకేశాడు. "ఎగువ నుంచి కబురు. రేపు సాయంత్రం కాదు, పొద్దున్నే గేట్లు పెంచుతారు. నీరు ఇంకో రెండడుగులు వస్తుంది."

అప్పుడు ఊరివాళ్ళు నా చుట్టూ మూగారు. అడిగింది అక్కే.

"ఏంది తమ్ముడా, వడ్లు, పాత్రలు అన్నీ గుట్ట మీదికి మోసుకునేదా, లేకుంటే మీతో సంచులు మోసేదా? రెండూ అయితే కాదు. నువ్వు ఏం చెప్తే అది చేస్తాం."

"కట్ట ఆగుతాదక్కా. సామాన్లు ఈడ్నే ఉండనీ. అందరూ సంచులకు రాండి."

నమ్మారు. ముసలివాళ్ళనూ పిల్లలనూ మాత్రం గుట్ట మీదికి పంపారు. విత్తనాల వడ్లు, మంచాలు, బడి బల్లలు, పెట్టెల్లో బట్టలు, ఎక్కడివక్కడ వదిలేసి కట్టకు వచ్చారు.

మర్నాడు వేకువన రెండో లారీ వచ్చింది. జయరాజు రాలేదు, డ్రైవరుతో పంపాడు. ప్రతి మోపులో పైన రెండు, అడుగున రెండు తీశాను. మందం గుడ్డ, రెండు వరసల కుట్టు. నింపి ఎత్తి పడేశాం. బాగున్నాయి. ఊరంతా వరుసలో నిలబడి చేతి నుంచి చేతికి అందించింది. ఎనిమిదింటికల్లా కట్ట మూడడుగులు లేచింది. కెప్టెన్ సాబ్ నా భుజం తట్టాడు. సంతోషంగా ఉండింది, దాచడం దేనికి?

పదింటికి నీళ్ళు వచ్చాయి. మొదటి సగం రాయిలా నిలబడింది. రెండో సగంలో ఒకచోట పొట్ట వచ్చింది. పరుగెత్తి వెళ్ళి చెయ్యి పెట్టాను. సంచి నా చేతి కింద మెత్తగా, నానిన రొట్టెలా లోపలికి పోయింది. మందం గుడ్డ కాదది. బొటనవేళ్ళతో లాగాను, సాగింది. పక్క సంచీ సాగింది. దాని పక్కదీ అంతే. మోపుల పైనా అడుగునా మంచివి పెట్టి, నడుమంతా సాగే గుడ్డ కుట్టి పంపారు. కుట్టు రంధ్రాల్లోంచి గరుసు గింజ గింజగా కారిపోతోంది.

"కట్ట వదలండి! అందరూ గుట్టకు!" అని కెప్టెన్ సాబ్ అరిచాడు.

ఆపరేటర్ సెట్టులో చెబుతున్నది నాకు వినబడుతూనే ఉంది. "కట్ట తెగుతోంది. మళ్ళీ చెబుతున్నా, తెగుతోంది. బోట్లు దించుతున్నాం."

మనుషులు ఎవరూ పోలేదు. అది మా దళం చేసిన మంచి పని, అంతవరకు తలెత్తి చెబుతాను. మట్టిగోడల ఇళ్ళు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కూర్చుండిపోయాయి. అక్క ఇల్లు మధ్యాహ్నానికి పోయింది. లోపల వదలమని నేను చెప్పిన సామానంతా దానితోనే పోయింది.

ఊరివాళ్ళను బోట్లలో గుట్టకు చేరుస్తుంటే ఎగువనున్న పంపుహౌసు పక్కగా వెళ్ళాల్సి వచ్చింది. దాని చుట్టూ ఛాతీ ఎత్తున సంచుల వరుస. ముందురోజు లేదు. బోటు దగ్గరికి పట్టించి చేత్తో తడిమాను. మందం గుడ్డ. రెండు వరసల కుట్టు. నేను చెప్పిన కొలత. ఒక్క సంచి కూడా పొట్ట రాలేదు. లోపల మోటార్లు పొడిగా ఉన్నాయి. పక్కనున్న ఆపరేటర్ నా ముఖం చూసి, "ఏమైంది హవల్దార్?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

వరద తీశాక మా లారీలు బళ్ళారి మీదుగా తిరుగుముఖం పట్టాయి. కెప్టెన్ సాబ్ దగ్గర అరగంట సెలవు తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. జయరాజు లేచి కుర్చీ వేశాడు.

"ఆ సాగే గుడ్డ యాడిదిరా?"

"కూర్చో సామేలప్పా. టీ తెప్పిస్తా."

"అడిగిందానికి చెప్పు."

వాడు చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు. "కంపెనీవాళ్ళు వచ్చినారు. ఉండే మందం గుడ్డంతా మాకే కావల్లన్నారు. వాళ్ళ పనోళ్ళ యూనిఫారాలన్నీ నేనే కుడతాండా గదప్పా. కాదని ఎట్ల చెప్పేది?"

"నాకు లేదని చెప్పింటే సరిపోయేది. ఊరు ఖాళీ చేయించుకుంటింటిమి. వడ్లన్నా మిగులుతాండె."

"నీకు లేదని ఎట్ల చెప్పేది? మాటిచ్చింటి గదా."

ఇప్పటికీ ఆ జవాబు తలచుకుంటే నవ్వాలో కొట్టాలో తెలియదు. "మరి మంచివి పైనా కిందా పెట్టి, నడమ అవి పెట్టిందెవరు? నేను నీకు చెప్పిన మాటే గదరా అది?" అన్నాను. వాడు తల ఎత్తాడు. కళ్ళలో తడి లేదు ఈసారి.

"నువ్వు నాలుగు దినాలుండి పోతావప్పా. వాళ్ళు ఈడ్నే ఉంటారు. నేనూ ఈడ్నే బతకల్ల."

కొడదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. ఏడుపు వచ్చింది. శత్రువును ఎలా కనిపెట్టాలో సర్కారు నాకు బాగా నేర్పింది. ఒకే పుస్తకం పట్టుకుని పాడినవాడిని ఎలా కనిపెట్టాలో ఎవరూ నేర్పలేదు. వాడి ముందు ఏడవడం ఇష్టంలేక బయటికి వచ్చేశాను. తర్వాత వాడి కొడుకు పెళ్ళికి పిలుపు వచ్చింది. వెళ్ళలేదు.

కంటోన్మెంటుకు చేరాక మా దళాన్ని పెరేడ్‌లో మెచ్చుకున్నారు. ఒక్క ప్రాణం కూడా పోనివ్వలేదు అన్నారు. నిజమే. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. నా కళ్ళ ముందు మాత్రం ఆ రోజు బోటే ఉండింది. ఇప్పటికీ ఉంది.

ఆ బోటులో అక్క నాకు ఎదురుగా కూర్చుంది. కొంగు తడిసి ఒంటికి అంటుకుంది. జయరాజు పేరు చెబుదామని నోటి దాకా వచ్చింది, సాకు చెబుతున్నాననుకుంటుందని మింగేశాను. ఆమె బోటు అంచు మీదుగా వంగి రెండు చేతులూ వరదనీళ్ళలో ముంచి రుద్దుకుంటోంది. పొద్దుటి నుంచి సంచులు అందించిన చేతులు. జీన్స్ రంగు అంటి అరచేతులు మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి. ఎంత రుద్దినా పోవడం లేదు. నా వైపు తిప్పి చూపించింది.

"నీ గుడ్డకు రంగు మాత్రం గట్టిదే తమ్ముడా" అని, మళ్ళీ చేతులు నీళ్ళలో పెట్టింది.